గుట్టను తినేది గొర్రె కాదు, రెండో కాటు

సంపాదకులకు,

పోయిన నెల మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. గొర్రెలూ మేకలూ తిరిగిన గుట్టలన్నీ బోడివైపోతున్నాయని, వాటిని కొట్టాల్లో కట్టేసి మేపాలని, బయటికి తోలితే జరిమానా వేయాలని ఆయన వాదన. ఆయన చెప్పిన బోడిగుట్టల్లాంటిదే మా ఊళ్లోనూ ఉంది. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. మా మేత పోరంబోకులో ఇప్పుడు తంగేడు, జిల్లేడు, వయ్యారిభామ తప్ప జీవం నోట పెట్టేదేమీ మిగల్లేదు. అంతవరకు ఆయన మాట నిజమే. నేరం గొర్రెది అంటారే, అక్కడే నాకు పేచీ.

గొర్రె ఒకసారి కొరికినంత మాత్రాన గడ్డి చావదు. కొరికిన నాలుగైదు రోజులకు దుబ్బు నుంచి లేత చిగురు వస్తుంది. ఆ చిగురు వేయడానికి గడ్డి తన మొదట్లో దాచుకున్న బలాన్ని అప్పుగా వాడుకుంటుంది. ఆకు పెరిగి కొన్ని వారాలు ఎండ తాగితే ఆ అప్పు తీరుతుంది. అది తీరకముందే మంద మళ్లీ అదే దారిన వస్తే గొర్రె ఏం చేస్తుంది? పక్కన ముదురు గడ్డి మోకాలెత్తు ఉన్నా ముట్టదు. వెతికి వెతికి ఆ లేత చిగురే కొరుకుతుంది. ఇదీ రెండో కాటు. మూడోది, నాలుగోది కూడా పడితే వేరు కురచబడుతుంది, మొదటి బెట్టకే దుబ్బు ఎండిపోతుంది. రుచిగల గడ్డి ముందు పోతుంది, ఎవరూ తినని మొక్క మిగులుతుంది. మా పోరంబోకులో తంగేడు మిగలడానికి కారణం ఇదే. అక్కడ మేసేవి యాభై జీవాలైనా, రోజూ ఒకే దారిన తోలితే జరిగేది ఇదే. అవే జీవాలను ఒకచోట మేపి గడ్డి తేరుకునేదాకా అటు తోలకుండా ఉంటే దుబ్బు బతుకుతుంది.

ఈ మాట పుస్తకం చూసి రాయడం లేదు. మాకు తొమ్మిదెకరాలు. ఒకప్పుడు చీనీ (బత్తాయి) తోట. బోర్లు ఒకటి తర్వాత ఒకటి ఎండిపోయాయి. ట్యాంకర్లతో నీళ్లు తోలి కొన్నాళ్లు చెట్లను కాపాడి, ఆ తర్వాత కొట్టేసి కట్టెలకు అమ్ముకున్నాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన, అది కూడా రావాల్సిన నెలలో రాదు. బుడ్డలు (వేరుశనగ) వేస్తే విత్తనం ఖర్చు కూడా రాని ఏళ్లు మా జిల్లాలో అందరికీ తెలిసినవే. ఆ పొలాన్ని గడ్డికి వదిలేద్దామన్న ఆలోచన మా ఆయనది. ఊళ్లో నవ్వినవాళ్లు చాలామంది. పట్టా భూమిలో ఎవరైనా గడ్డి పెంచుతారా అని మా మరిది నెల రోజులు మాట్లాడలేదు.

మా ఆయన లారీ నడిపే రోజుల్లో కొబ్బరినూనె లోడు కోసం తమిళనాడులోని కాంగేయం పోయేవాడు. అటు ధారాపురం, కరూరు చుట్టుపక్కల మెట్ట రైతులు తమ సొంత భూమినే మేత కోసం ఉంచుకుంటారు. కొరంగాడు అంటారు దాన్ని. నాలుగేసి ఎకరాల ముక్కలు. చుట్టూ కిళువై అనే ముళ్లచెట్టుతో పచ్చికంచె, లోపల అంజన్ గడ్డి, మధ్య మధ్య తెల్లతుమ్మ చెట్లు. ఎండాకాలంలో ఆ తుమ్మ కాయలే జీవాలకు దాణా. ఒక ముక్కలో మేత తగ్గగానే పక్క ముక్కలోకి తోలి గేటు వేస్తారు. కాంగేయం ఎద్దులు, మేచేరి గొర్రెలు ఆ కంచెల్లోనే తరతరాలుగా పెరుగుతున్నాయి. అక్కడ వాన మాకంటే కొంచెం ఎక్కువ, అంతే. నేల మాత్రం మా ఎర్రనేలలాంటిదే. రోడ్డు పక్కన లారీ ఆపి టీ తాగుతూ చూసినదాన్ని ఆయన ఇంటికొచ్చి కట్టెపుల్లతో నేల మీద గీసి చూపించాడు.

మేం పొలాన్ని ఎనిమిది ముక్కలు చేశాం. తొలకరికి ముందు అంజన్ గడ్డి, స్టైలో అనే పప్పుజాతి మేత మొక్క విత్తనాలు కలిపి చల్లాం. అంజన్ విత్తనం దూదిలా తేలిక, గాలికి ఎగిరిపోతుంది, అందుకని తడి ఇసుకలో కలిపి చల్లాలి. స్టైలో గింజ పెంకు గట్టిది. దాన్ని వేడినీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెడితేనే బాగా మొలుస్తుంది. మొదటి ఏడు ఒక్క జీవాన్ని కూడా లోపలికి తోలలేదు. విత్తనం పండి రాలాక గడ్డి కోసి ఇంటి దగ్గర వేశాం. బయటి కంచె సర్కారుతుమ్మ కంప, గట్టు మీద కిత్తనార. లోపలి ముక్కలకు కంచె అక్కర్లేదు. రాత్రి మంద చుట్టూ కాపరులు కట్టే నైలాన్ వలనే పగలు మేత ముక్క చుట్టూ కడతాం. అలా ఒక్క వలతోనే ఎనిమిది ముక్కలూ మేపుతున్నాం.

అసలు చిక్కు గడ్డితో రాలేదు, నీళ్లతో వచ్చింది. ఎండాకాలంలో గొర్రెకు రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. ముప్పై గొర్రెలకు ఎంతో లెక్క వేసుకోండి. ముక్క ముక్కకూ తొట్టి పెట్టడం మా వల్ల కాదు. అందుకే పొలం నడుమ బండి పట్టేంత దారి వదిలి, దాని మొదట్లో ఒకే తొట్టి కట్టాం. ప్రతి ముక్కా ఆ దారిలోకే తెరుచుకుంటుంది. జీవాలు వాటంతటవే వచ్చి తాగి వెనక్కి పోతాయి. తిప్పి మేపాలనుకునేవాళ్లు గడ్డి విత్తనం కొనేముందు ఈ దారి ఎక్కడ వదలాలో ఆలోచించుకోవాలని నా సలహా. చాలామంది ముక్కలు కొలిచాక నీళ్ల సంగతి గుర్తుచేసుకుంటారు.

వానాకాలంలో ఒక ముక్కలో మూడు నాలుగు రోజులకు మించి ఉంచం. ఒక చుట్టు తిరిగి మొదటి ముక్కకు వచ్చేసరికి దాదాపు నెల. కానీ క్యాలెండర్‌ను నమ్ముకుంటే కుదరదు. శ్రావణంలో మూడు వారాలకే గడ్డి జానెడు దాటుతుంది, కార్తీకం తర్వాత రెండు నెలలైనా లేవదు. జానెడు పెరిగితేనే తోలాలి, నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉండగానే బయటికి తోలాలి. ఆ నాలుగు వేళ్లు వదలడానికే కాపరి మనసు ఒప్పుకోదు. పచ్చగా కనబడుతుంటే వదిలిపెట్టి పోవడమేంటని మా అత్త ఇప్పటికీ గొణుగుతుంది. ఆ మిగిలిన ఆకే రేపటి మేతను చేసి పెడుతుంది.

నట్టల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే నా లెక్కలో పెద్ద లాభం అదే. గొర్రె కడుపులో రక్తం పీల్చే నట్ట పెట్టిన గుడ్లు పెంటికలతో నేల మీద పడతాయి. వానాకాలంలో ఆ గుడ్డు పగిలి, పిల్ల ఇంకో జీవానికి అంటుకునే దశకు రావడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. అప్పుడది పొద్దుటి మంచు తడిలో గడ్డి పరక మీదికి పాకుతుంది. మంద అప్పటికీ అక్కడే ఉంటే తన నట్టల్ని తానే మళ్లీ మింగుతుంది. నాలుగు రోజులకే కదిలితే ఆ పిల్లలకు కడుపు దొరకదు. నెల తర్వాత తిరిగి వచ్చేసరికి చాలావరకు ఎండకు, ఆకలికి చచ్చి ఉంటాయి. అన్నీ చావవు, ఆ మాట దాచను. పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవిలో తొంభైల్లో మేకల మీద ఇలాగే చేసి చూశారు. పది ముక్కలు చేసి మూడున్నర రోజులకోసారి మార్చితే, ఒకేచోట మేసినవాటితో పోలిస్తే పెంటికల్లో నట్టల గుడ్లు సగానికన్నా తక్కువ కనబడ్డాయి.

మా ఊళ్లో కాపరులకు తెలిసిన వైద్యం ఒక్కటే, గొర్రె చిక్కిందంటే నట్టల మందు. ఉచితంగా ఇస్తే ఒకసారి, మెడికల్ షాపులో కొని ఇంకోసారి. ఒకే మందు ఏళ్ల తరబడి, అదీ బరువు చూడకుండా తక్కువ మోతాదులో తాగిస్తే నట్టలు దాన్ని లెక్కచేయడం మానేస్తాయి. ఆల్బెండజోల్ అనే నట్టల మందు విషయంలో మన దేశంలో చాలాచోట్ల ఇది జరిగింది. మేం ఇప్పుడు కింది కనురెప్ప తిప్పి చూస్తాం. లోపల ఎర్రగా ఉంటే మందు జోలికి పోం. పాలిపోయి ఉన్నా, దవడ కింద నీరు దిగినా ఆ గొర్రెకే తాగిస్తాం. మందు ఖర్చు బాగా తగ్గింది. సంతలో బేరగాడు గొర్రె నడుము మీద చేత్తో నొక్కి చూస్తాడు కదా, ఎముక తగులుతుందా, కండ తగులుతుందా అని. పోయినేడు మా పొట్టేలు పిల్లల నడుము నొక్కి ఏం పెడుతున్నావక్కా అని అడిగాడు. గడ్డే అంటే నమ్మలేదు.

తిప్పి మేపితే అన్ని రోగాలూ పోతాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. పీపీఆర్ అనే అంటురోగానికి, బొబ్బ రోగానికి టీకాయే దిక్కు. చిటుకు రోగం విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఆరోగ్యంగా ఉన్న గొర్రె, అందులోనూ బాగా పాలు తాగే పిల్ల, ఉన్నట్టుండి ఎగిరిపడి చచ్చిపోయే రోగం అది. తొలకరి తర్వాత లేతగడ్డి ఒక్కసారిగా కడుపునిండా మేస్తే వస్తుంది. మేపు ఆపి పెంచిన ముక్కలో ఆ ప్రమాదం ఎక్కువే. వానలకు ముందే టీకా వేయించాలి. మొదటి రోజుల్లో పొద్దున్నే కాస్త ఎండుమేత పెట్టి తోలాలి.

ఒక కృషి విజ్ఞాన కేంద్రం సైంటిస్టు మా పొలం చూడ్డానికి వచ్చి నాకు నచ్చని మాట ఒకటి చెప్పారు. అమెరికాలాంటి దేశాల్లో బీళ్ల మీద దశాబ్దాలుగా జరిగిన ప్రయోగాలు కలిపి 2008లో లెక్క చూస్తే, జీవాల సంఖ్య సమానంగా ఉన్నప్పుడు తిప్పి మేపినదానికీ వదిలేసి మేపినదానికీ గడ్డి దిగుబడిలో పెద్ద తేడా కనబడలేదట. ఎన్ని జీవాలు అన్నదే అసలు సంగతి అన్నారాయన. నేను ఆయనతో గట్టిగానే వాదించాను. పెద్ద పెద్ద కంచెల్లో తక్కువ పశువులు తిరిగే దేశం వేరు, రోజూ ఇంటికి తిరిగొచ్చే మంద ఊరి పక్క నాలుగు దారుల్నే నాకేసే మా పల్లె వేరు. అయినా ఆయన మాటలో నిజముంది. మా తొమ్మిదెకరాల్లో ముప్పై గొర్రెలు తొలకరి నుంచి సంక్రాంతి దాకా మేస్తాయి. ఆ తర్వాత కంది కోసిన పొలాలు, బుడ్డల పొట్టు, తుమ్మ కాయలే ఆధారం. అరవై పెడితే ఎంత తిప్పినా ఏడాదిలోపే పొలం మళ్లీ బోడి అవుతుంది.

ఇక్కడే ప్రభుత్వాల మీద నా ఫిర్యాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు సుమారు 7 కోట్ల 42 లక్షలు. అందులో తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, మన ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. వాటికి ఎంత మేత నేల ఉంది, అందులో ఎంత ఇంకా మేయడానికి పనికొస్తుంది అని అడిగిన నాయకుణ్ణి నేను చూడలేదు. తెలంగాణలో 2017లో 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచారు. గొర్రె ఇచ్చినప్పుడు ఫొటో దిగొచ్చు, మేపకుండా వదిలిన గడ్డి పక్కన ఫొటో దిగేదెవరు? జీవాలు ఇవ్వొద్దని అనను. ఇరవై గొర్రెలు ఇచ్చిన చోట అవి ఏ గడ్డి తింటాయో కూడా రాసివ్వండి అంటున్నాను.

ఇక పోరంబోకు సంగతి. మాలాంటి పట్టాదారులు ఏదో చేసుకుంటాం. సెంటు భూమి లేని కాపరి ఏం చేయాలి? మా ఊళ్లో సగం మంది కాపరులు అలాంటివాళ్లే. మేత భూమిని మూసేస్తాం అనగానే వాళ్లకు గుండె దడ. ఎందుకంటే ఇప్పటిదాకా మూసిన ప్రతి నేలా వాళ్లకు మళ్లీ తెరుచుకోలేదు. ఒకచోట మొక్కలు నాటారు, ఒకచోట ప్లాట్లు వేశారు, ఇంకోచోట ఎవరో గట్టు వేసి దున్నుకున్నారు. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పు సంగతి మా ఊరిదాకా రావడానికే చాలా ఏళ్లు పట్టింది, అమలు ఇంకా రాలేదు.

అందుకని నేననేది మూసేయమని కాదు, వంతులు వేసుకోమని. పోరంబోకును సర్వే చేసి రెండుగా విడదీయాలి. ఒక సగాన్ని తొలకరి నుంచి దసరా దాకా మేపకుండా వదిలి, గడ్డి విత్తనం రాలాక తెరవాలి. మరుసటేడు రెండో సగం వంతు. ఏ సగం, ఏ తేదీ అన్నది గొర్రెల పెంపకందారుల సంఘమే తేల్చుకోవాలి, ఆఫీసు నుంచి ఉత్తర్వు రాకూడదు. మేకలవాళ్లు కూడా ఆ మాటల్లో ఉండాలి, లేకపోతే మేక ఏ కంచెనైనా దూకుతుంది, దాని యజమాని ఇంకా ముందు దూకుతాడు. వంతు తప్పినవాడికి జరిమానా కూడా వేయొచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ వంతు పెట్టకుండా జరిమానా పెట్టడం అన్యాయం.

ఇది కాపరులకు కొత్త విద్య అనుకోకండి. పొలంలో మంద పెట్టించుకునే రైతును అడగండి. రాత్రికి రాత్రి మందను జరపకపోతే కాపరితో గొడవకు దిగుతాడు, ఎరువు ఒకేచోట పడిందని. కాపరి కూడా ఏ రోజు ఎక్కడిదాకా జరిపాడో పుల్లలు పాతి గుర్తు పెట్టుకుంటాడు. ఎరువు కోసం మందను రోజూ కదిపే మనకు, గడ్డి కోసం కదపడం ఎలాగో ఎవరో వచ్చి నేర్పక్కర్లేదు. రాత్రి కట్టిన వలను పగలు కూడా కట్టాలి, అంతే తేడా.

మా జిల్లాల్లో సోలార్ పార్కులు వచ్చాయి, నంబులపూలకుంటలాంటి చోట వేల ఎకరాల్లో. అద్దాల కింద గడ్డి పెరిగి నీడ పడుతుందని కూలీలను పెట్టి కోయిస్తుంటారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆ పని గొర్రెలకే అప్పగిస్తున్నారు, వంతులవారీగా మేపుతూ. ఒకప్పుడు తమ జీవాలు మేసిన నేలలోకి ఆ విధంగానైనా మా కాపరులను రానిస్తే బాగుంటుంది. మేకలను మాత్రం వద్దనండి, వైర్లు మిగలవు.

పశుసంవర్ధక శాఖవారు మీ పత్రిక చదువుతారని తెలుసు కాబట్టి ఒక్క విన్నపం. కొట్టాలకు సబ్సిడీ ఇస్తున్నారు, సంతోషం. కొట్టం కట్టడానికి లక్షలు కావాలి, భూమి ఉన్నవాడికే అది అందుతుంది. అందులో కొంత భాగంతో ఒక్కో కాపరికి మంచి వల, దాన్ని పాతడానికి ఫైబర్ కర్రలు, రెండు ప్లాస్టిక్ తొట్లు, కొన్ని కిలోల అంజన్, స్టైలో విత్తనం ఇవ్వండి. భూమి లేనివాడూ వాడుకోగల సాయం ఇది. ఇచ్చేది మాత్రం మే నెల దాటకుండా ఇవ్వాలి. వానలు పడి గడ్డి మేసేశాక, ఆగస్టులోనో సెప్టెంబరులోనో ఫైలు కదిలి వచ్చే వల మాకు ఇంటి ముందు చిక్కుడు పందిరికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

ఇట్లు,
ఒక గొర్రెల రైతు,
కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా